ఇద్దరు తోడల్లుళ్ళూ రెండు ఫోన్లూ

ఆ ఇంటి అల్లుళ్ళిద్దరికీ దారి తెలియడమే వృత్తి. పెద్దల్లుడు డ్రైవింగ్ స్కూలు నడుపుతారు. ఊళ్ళో సగంమందికి క్లచ్చూ బ్రేకూ ఆయనే నేర్పారు. మిగతా సగంమంది, ఆయన అభిప్రాయంలో, వేరేవాళ్ళ దగ్గర నేర్చుకుని పాడైపోయినవాళ్ళు. చిన్నాపెద్దా అందరూ ఆయన్ని మాస్టారు అనే పిలుస్తారు. చిన్నల్లుడు సర్వేయరు. హద్దురాయి ఎక్కడ పాతాలో, ఎవరి గోడ ఎవరి స్థలంలోకి జానెడు జరిగిందో తేల్చి చెప్పడం అతని పని. ఒకాయనకు రోడ్లన్నీ తెలుసు, ఇంకొకతనికి నేలంతా తెలుసు. అంచేత ఇద్దరూ కలిసి ఎక్కడికి బయల్దేరినా మిగతావాళ్ళు అన్నం తినే బయల్దేరేవాళ్ళు. ఎప్పటికి చేరతారో ఎవరికీ తెలియదు గనక.

మాస్టారి భార్య రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. సూది చూడగానే కళ్ళు తేలేసేవాళ్ళని మాటల్లో పెట్టి, "అటు చూడండి" అంటూనే పని కానిచ్చేయడంలో ఆవిడకు మంచి పేరు. ఇంట్లో మాస్టారి ఉపన్యాసాలప్పుడు ఆ సూత్రం తనకే వర్తింపజేసుకుని, తనే అటు చూస్తూ కూర్చునేది. ఆవిడ చెల్లెలు, అంటే సర్వేయరు భార్య, బడిలో లెక్కలు చెబుతుంది.

చిన్నప్పుడు అక్కాచెల్లెళ్ళిద్దరూ ఒకే దుప్పటికింద దూరి గుసగుసలాడుకున్నవాళ్ళే. పెళ్ళిళ్ళయ్యాక మొగుళ్ళ తరఫున వకాల్తా పుచ్చుకున్నారు. మాస్టారు ఫ్రిజ్ కొంటే సర్వేయరు రెండు తలుపుల ఫ్రిజ్ కొన్నాడు. సర్వేయరు సోఫా మార్చితే మాస్టారు గోడకు రంగు మార్చారు. ఇవన్నీ ఎలాగోలా సర్దుకుపోయే సంగతులే గానీ, ఈ మధ్య చెల్లెలి వరసే అక్కకు మింగుడుపడలేదు. ఫోను చేస్తే ఎత్తదు. కాసేపు పోయాక "ఏంటక్కా?" అని మెసేజి పెడుతుంది. పెళ్ళిళ్ళలో పక్కన కూర్చుని పలకరిస్తే ఎటో చూస్తుంది. రెండోసారి పిలిస్తే ఉలిక్కిపడి నవ్వుతుంది. పొగరు, ఇంకేముంది, అనుకుంది అక్క. తనూ తక్కువ తినలేదు. చెల్లెలు ఏ మెసేజి పెట్టినా బదులుగా ఒక బొటనవేలు బొమ్మ పెట్టి ఊరుకోవడం మొదలెట్టింది.

ఇలా ఉండగా ఒక ఆదివారం అత్తగారింట్లో భోజనాలయ్యాక, ఎప్పటికైనా ఒకసారి విదేశం చూసి రావాలండీ అన్నారు మాస్టారు. ఎప్పటికైనా ఎందుకు అన్నయ్యా, ఇప్పుడే చూద్దాం అని సర్వేయరు ఫోను తీశాడు. అతను ఫోను తీశాక మాస్టారు ఊరుకుంటారా, ఆయనా తీశారు. మాటకి మాట పెరిగింది. మామూలు ఇళ్ళలో అలా పెరిగితే గొడవవుతుంది. ఇక్కడ విమానం టిక్కెట్లయింది.

ఆ సాయంత్రం మాస్టారు భార్యను పక్కకు పిలిచి, ఇదంతా మీ చెల్లెలి పట్టుదలేనట, మనం కాదంటే బాగోదు అని నచ్చజెప్పారు. దానికి విదేశాలు కూడా కావలసొచ్చాయా అనుకుంటూ అక్క పెట్టె సర్దింది.

ప్రయాణానికి ముందు తోడల్లుళ్ళిద్దరూ కొత్త ఫోన్లు కొన్నారు. మాస్టారి ఫోను ఆడగొంతుతో దారి చెబుతుంది. సర్వేయరుది మగగొంతు. రెండూ తెలుగే మాట్లాడతాయి గానీ, ఆ తెలుగు ఏ ఇంట్లోనూ ఎవరూ మాట్లాడరు. విమానం దిగగానే అక్కడి సిమ్ములు రెండే తీసుకున్నారు. నలుగురం కలిసే తిరుగుతాం కదా, ఆడవాళ్ళకు వేరే ఎందుకు అన్నారు మాస్టారు. పైగా జేబుదొంగలు కొట్టేస్తే ఇంటి నంబర్లన్నీ పోతాయి అన్నాడు సర్వేయరు. జీవితంలో ఆ ఇద్దరికీ అభిప్రాయం కలిసింది అదొక్కసారే. అక్కాచెల్లెళ్ళ ఫోన్లు హోటలు గదిలోని ఇనప్పెట్టెలోకి వెళ్ళాయి.

మర్నాటి ఉదయం నుంచి అక్క ఒక వింత చూసింది. పెళ్ళైన నాటినుంచీ ఏ మలుపు దగ్గరా మాస్టారు ఆవిడ మాట విన్న పాపాన పోలేదు. ఇటండీ అంటే అటు తిప్పేవారు. అటువంటి మనిషి, చేతిలోని ఫోను "రెండు వందల మీటర్ల తరువాత ఎడమ వైపునకు మరలండి" అనగానే, చేతులు కట్టుకుని నిలబడ్డ పిల్లాడిలా మరలేవారు. ఎదురుగా గుడ్డివాడికి కూడా కనిపించే మెట్లున్నా, ఫోనులోని ఆడగొంతు చెప్పేదాకా ఎక్కేవారు కాదు. ఒకచోట ఫోను మాటాపలుకూ లేకుండా ఉండిపోతే, నడిరోడ్డు మీద నిలబడి, "ఏమైందో పాపం" అన్నారు. భార్య పురిటినొప్పులు పడుతున్నప్పుడు కూడా మాస్టారి నోట ఆ పాపం అన్న మాట రాలేదని అక్కకు గుర్తు.

సర్వేయరు దృష్టి అంతా భాషమీద. అతని ఫోనులో ఒక ఏర్పాటుంది. మనం తెలుగులో అంటే అది వాళ్ళ భాషలో అంటుంది, వాళ్ళు అన్నది మనకు తెలుగులో అప్పజెబుతుంది. దాన్ని పరీక్షించే అవకాశం కోసం అతను కాచుక్కూర్చున్నాడు. చెల్లెలికి విమానం దిగినప్పటినుంచీ తల తిరుగుతోందని తెలిసేసరికి, బాధ పడ్డాడో సంతోషించాడో చెప్పడం కష్టం. వెంటనే అందరినీ ఒక మందుల షాపుకు నడిపించాడు.

గాజు బల్ల వెనక తెల్లకోటు వేసుకున్న అమ్మాయి నిలబడి ఉంది. సర్వేయరు ఫోనును నోటిదగ్గర పెట్టుకుని, అందులో చెవిటివాళ్ళెవరో కూర్చున్నట్టు, "మా ఆవిడకు తల తిరుగుతోంది. మందేదైనా ఇవ్వండి" అని ఒక్కో అక్షరం విడదీసి అరిచాడు. ఫోను వాళ్ళ భాషలో ఏదో అంది. ఆ అమ్మాయి చెల్లెలి మెడవైపు పరీక్షగా చూసింది. తిరిగి ఏదో అడిగింది.

"ఆమె శిరస్సు ఎంతవరకు తిరుగుచున్నది? పూర్తిగా వెనుకకు తిరుగుచున్నదా?" అంది ఫోను.

"బాగా తిరుగుతోంది" అన్నాడు సర్వేయరు.

ఆ అమ్మాయి గబగబా లోపలికి వెళ్ళి, మెడకు చుట్టే మందపాటి పట్టీ ఒకటి తెచ్చి, వద్దంటున్నా వినకుండా చెల్లెలి మెడకు బిగించింది. తల ఇక ఏ పక్కకూ తిరిగే వీలు లేకుండాపోయింది. సర్వేయరు ఆ దృశ్యాన్ని ఫోటో తీసి, ఇక్కడి వైద్యం చాలా ముందుకు పోయిందని రాసి, కుటుంబం గ్రూపులో పెట్టాడు. ఇంటిదగ్గరున్న చుట్టాలంతా దణ్ణం బొమ్మలు పెట్టారు. వీధి మలుపు తిరగ్గానే అక్కే ఆ పట్టీ విప్పి సంచీలో పడేసింది. చెల్లెలు నవ్విందేగానీ మాట్లాడలేదు. ఇక్కడ కూడా బింకమే అనుకుంది అక్క.

గ్రూపు సంగతి వేరే చెప్పాలి. అందులో మాస్టారూ సర్వేయరూ పోటీపడి ఫోటోలు పెట్టేవారు. విమానంలో పెట్టిన భోజనం, హోటలు గదిలో కొళాయి, ఆ కొళాయిలోంచి వచ్చే వేణ్ణీళ్ళు, కిటికీలోంచి కనిపించే ఎవరిదో కారు. ఏ వింత కనబడినా దాన్ని చూడ్డానికి వీళ్ళకు తీరిక ఉండేది కాదు. ముందు వెనక్కి తిరిగి, దానివైపు వీపు పెట్టి నిలబడి, చెయ్యి చాచి, పళ్ళు బయటపెట్టి ఫోటో తీసుకోవాలి. తరవాత అది ఎవరికి ఎంత నచ్చిందో చూసుకోవాలి. ఆపైన భోజనాల వేళవుతుంది.

ఆ ఊళ్ళో నదిమీద ఒక పాత రాతి వంతెన ఉంది. వచ్చినవాళ్ళంతా దానిమీద ఫోటో దిగుతారట. మూడోరోజున దాని మీదికి దండయాత్ర బయల్దేరింది. ట్రాము దిగి కాస్త నడిచాక ఒక కూడలి వచ్చింది. అక్కడ మాస్టారి ఫోనులోని ఆడమనిషి ఎడమ వైపునకు మరలమంది. అదే క్షణంలో సర్వేయరు ఫోనులోని మగమనిషి కుడి వైపునకు మరలమన్నాడు.

తోడల్లుళ్ళిద్దరూ ఒకరి ఫోనులోకి ఒకరు తొంగిచూసుకున్నారు. నీది పాత మ్యాపై ఉంటుంది తమ్ముడూ అన్నారు మాస్టారు. మీ ఫోను కార్ల దారి చెబుతోంది అన్నయ్యా, మనం నడుస్తున్నాం అన్నాడు సర్వేయరు. ట్రాఫిక్కు గురించి నాకు చెబుతున్నావా అన్నారు ఆయన. దూరాల గురించి నాకు చెబుతున్నారా అన్నాడు ఇతను. ఇద్దరూ చాలా మర్యాదగా నవ్వుకున్నారు. ఆ నవ్వు ఎంత ప్రమాదమో అక్కకు తెలుసు. కానీ అప్పుడు ఆవిడ అక్కడ లేదు. కాస్త వెనకగా, బొత్తాలు మాత్రమే అమ్మే ఒక చిన్న షాపు అద్దం ముందు నిలబడి ఉంది. అద్దం వెనక చిన్న చిన్న అరల్లో వేలాది బొత్తాలు రంగులవారీగా పేర్చి ఉన్నాయి. చెల్లెలు అద్దానికి ముక్కు ఆనించి చూస్తోంది.

"ఎవరు ముందు చేరతారో చూద్దాం" అన్నది ఎవరో ఇప్పటికీ తేలలేదు. మాస్టారు వెనక్కి చూడకుండానే, రావే అని ఎడమకు మరలారు. సర్వేయరు వెనక్కి చూడకుండానే, పదవే అని కుడికి మరలాడు. ఆ రావే, ఈ పదవే వినడానికి అక్కడ ఎవరూ లేరు. తన భార్య తన వెనక రాకపోతే, తోడల్లుడి వెనక అక్కతోనో చెల్లెలితోనో వెళ్ళి ఉంటుందని ఇద్దరి నమ్మకం.

అక్క తలెత్తి చూసేసరికి మాస్టారి టోపీ ఒక పక్క, సర్వేయరు గొడుగు ఇంకో పక్క జనంలో కలిసిపోతున్నాయి. "ఏయ్, వెళ్ళిపోతున్నారే, రా" అని చెల్లెల్ని పిలిచింది. చెల్లెలు కదల్లేదు. ఇంకోసారి పిలిచింది. బొత్తాలవైపే చూస్తోంది. అక్కకు ఒళ్ళు మండిపోయింది. ఇంత దూరం వచ్చి, పరాయి దేశంలో, పక్కనే నిలబడి పిలుస్తుంటే పలకని మనిషిని ఏమనాలి? వెళ్ళి జబ్బ పట్టుకుని గుంజింది. చెల్లెలు ఉలిక్కిపడి తిరిగి, ఎప్పటిలాగే నవ్వింది. అప్పటికి టోపీ లేదు, గొడుగూ లేదు.

ఇద్దరూ చాలాసేపు ఆ కూడలిలోనే నిలబడ్డారు. మొగుళ్ళకోసం కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూశారని చెబితే బాగుంటుంది గానీ, నిజానికి అక్క చూసింది బొత్తాలనే. భయమేమీ వెయ్యలేదు. హోటలు పేరు రాసిన గది తాళం కార్డు ఆవిడ సంచీలోనే ఉంది. కాసిని నోట్లూ ఉన్నాయి. ఎప్పుడు కావాలంటే అప్పుడు టాక్సీ ఎక్కి, కార్డు చూపించి, వెళ్ళి పడుకోవచ్చు. ఇంతలో సన్నగా జల్లు మొదలైంది. ఎడమకూ వద్దు, కుడికీ వద్దనుకుని, తిన్నగా ఎదురుగా ఉన్న సందులోకి నడిచారు. నాలుగు అడుగులు వేసేసరికి సందు అయిపోయింది. ఎదురుగా నది, నదిమీద ఆ వంతెన. ఇంత దగ్గరుందని ఆడగొంతూ చెప్పలేదు, మగగొంతూ చెప్పలేదు.

వంతెన మొదట్లోనే, దానికి ఎదురుగా పెద్ద అద్దాల కిటికీతో ఒక కాఫీ హోటలుంది. లోపలికి వెళ్ళి కిటికీ పక్క బల్ల చూసుకున్నారు. అక్క వేళ్ళతో రెండని చూపించి, కాఫీ అంది. అంతే, కాఫీ వచ్చింది. ఏ ఫోనూ మధ్యవర్తిత్వం చెయ్యలేదు.

అక్క తీరిగ్గా కూర్చోబోతుంటే, "నువ్విటు వచ్చి కూర్చో అక్కా" అంది చెల్లెలు, తన కుడిపక్క కుర్చీ చూపించి.

"అటైతే ఏం, ఇటైతే ఏం?"

"ఇటైతే కాస్త వినపడుతుంది."

అక్క కుర్చీ మీద చెయ్యి వేసి అలాగే నిలబడిపోయింది. చెల్లెలు కాఫీలో చెంచా తిప్పుతూ, బడిలో కొత్త పాఠం చెప్పినంత మామూలుగా చెప్పుకొచ్చింది. ఎడమచెవి దాదాపు పోయిందట. కుడిది కూడా మొరాయిస్తోందట. ఎదురుగా ఉండి మాట్లాడితే పెదాలు చూసి సర్దుకుపోతుందట. ఫోనులో మాత్రం అంతా బిందెలో రాళ్ళు పోసి కదిపినట్టుంటుందట. మొదట జలుబనుకుంది. జలుబు తగ్గింది గానీ చెవి రాలేదు. అప్పుడప్పుడూ తల తిరగడం కూడా అప్పుడే మొదలైంది. ఎడమవైపు బెంచీల పిల్లలు ఎంత అల్లరి చేసినా తెలియకపోవడంతో, పిల్లల్ని అసలు కసురుకోని టీచరని బడిలో మంచి పేరు కూడా వచ్చింది.

అక్క వచ్చి కుడిపక్కన కూర్చుంది. ల్యాబులో ఇటువంటివి రోజూ వింటుంది, రోజూ ఏదో ఒకటి చెబుతుంది. ఇప్పుడు మాత్రం చెల్లెలి కప్పులో ఇంకో చెంచా పంచదార వేసింది.

"మీ ఆయనకు తెలుసా?" అని అడిగింది.

"ఆయన మాట్లాడేటప్పుడు ఎదుటివాళ్ళు వింటున్నారా లేదా అని ఎప్పుడు చూశాడు గనక?"

"నాకెందుకు చెప్పలేదే?"

"ఫోనులో చెబితే నువ్వేమంటావో నాకు వినపడి చావదు. మెసేజి రాశాను ఒకసారి. పెద్దదే రాశాను. మళ్ళీ చెరిపేశాను."

"ఎందుకు?"

"నువ్వు దానికీ బొటనవేలు పెడతావేమోనని భయమేసింది."

అక్క తల దించుకుంది. కాఫీ వేడిగా ఉందన్నట్టు కళ్ళు తుడుచుకుంది. చెల్లెలే జాలిపడి మాట మార్చింది.

"అది సరేగానీ, ఈ దేశం చూడాలని నీకంత పట్టుదల ఏంటక్కా? నువ్వు తిండి మానేశావని చెప్పి నన్ను బయల్దేరదీశాడు మా ఆయన."

"నేనా? నువ్వు గొడవ చేస్తున్నావని కదూ మా ఆయన నన్ను లాక్కొచ్చింది."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందు చెల్లెలికి నవ్వొచ్చింది. తరవాత అక్కకు. నవ్వి నవ్వి కడుపు పట్టుకున్నారు. పక్క బల్ల దగ్గరి ముసలాయన పత్రిక దించి చూసి, వాళ్ళ నవ్వు అర్థమైనట్టు తనూ నవ్వాడు.

రెండో కాఫీ తెప్పించుకుంటుండగా కిటికీలోంచి మాస్టారి టోపీ కనిపించింది. ఎడమవైపు నుంచి, చొక్కా తడిసి, ఫోను ముందుకు పట్టుకుని వస్తున్నారు. ఇంచుమించు అదే సమయానికి కుడివైపు నుంచి గొడుగు వచ్చింది. ఇద్దరూ ఊళ్ళో సగం చుట్టి వచ్చినట్టున్నారు. వంతెన మొదట్లో ఒకరినొకరు చూసుకుని ఆగిపోయారు. ఇద్దరూ గెలిచినట్టే చేతులు ఊపుకున్నారు.

అక్క లేచి కిటికీ అద్దం మీద కొట్టబోయింది. చెల్లెలు చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఉండక్కా. మనం ఎప్పటికి గుర్తొస్తామో చూద్దాం."

సరే చూద్దామని కూర్చున్నారు. ఇంతకంటే మంచి సీట్లు ఏ సినిమా హాల్లోనూ దొరకవు. ముందు మాస్టారు ఒంటరిగా ఫోటో తీసుకున్నారు. తరవాత సర్వేయరు తీసుకున్నాడు. మాస్టారు సర్వేయరును తీశారు, సర్వేయరు మాస్టారిని తీశాడు. అంతవరకూ బాగుంది. ఇద్దరూ తీరిగ్గా జుట్టు సవరించుకున్నారు. ఎవరు ముందొచ్చారన్న విషయం మీద కాస్త చర్చ జరిగినట్టుంది, వేళ్ళు అటూ ఇటూ చూపించుకున్నారు. తరవాత రాజీపడి, దారినపోతున్న ఒకతన్ని ఆపి ఫోను చేతికిచ్చి, భుజాలమీద చేతులు వేసుకుని దిగారు. అది నచ్చలేదు కాబోలు, ఈసారి ఇద్దరూ ఒకేసారి గాల్లోకి ఎగిరారు. మాస్టారు ఎగరడం అక్క తన వైవాహిక జీవితంలో ఎన్నడూ చూడలేదు. ఎగిరింది తక్కువే గానీ, దిగడం మాత్రం గట్టిగా దిగారు.

చిట్టచివర మాస్టారు వంతెనవైపు తిరిగి, కాఫీ హోటలుకు వీపు పెట్టి, చెయ్యి ఎత్తి, ఇద్దరి మొహాలూ పట్టేట్టు ఒక సెల్ఫీ తీశారు. దాన్ని తడి వేలితో నొక్కి గ్రూపులో పెట్టారు. కుటుంబంతో వంతెన దగ్గర, అని కింద రాశారని తరవాత తెలిసింది.

ఆ కుటుంబం ఎక్కడుందో కనిపెట్టింది అమ్మ. అక్కాచెల్లెళ్ళ అమ్మకు ఆ మధ్యనే కళ్ళ ఆపరేషన్ అయింది. అప్పటినుంచీ ఆవిడకు అందరి ఇళ్ళలో బూజు కనబడుతోంది. మనవడు కొనిచ్చిన పెద్ద తెర ట్యాబులో వచ్చిన ప్రతి ఫోటోనూ రెండు వేళ్ళతో లాగి లాగి, మూలమూలా వెతికి చూడడం ఆవిడకు కాలక్షేపం. అల్లుళ్ళ మొహాలు ఆవిడకు కొత్తకాదు గనక వాటిని పక్కకు నెట్టి వెనక ఏముందో చూసింది. అద్దాల కిటికీ. దాని వెనక బల్ల. బల్ల దగ్గర ఇద్దరు ఆడవాళ్ళు కప్పులు పట్టుకుని, అల్లుళ్ళ వీపులవైపు చూస్తూ నవ్వుతున్నారు. ఇంకాస్త పెద్దది చేసి చూసింది. వెంటనే ఫోను చేసింది.

కిటికీలోంచి చూస్తున్న అక్కకు మాటలు వినపడలేదు. మాస్టారు ఫోను చెవికి పెట్టుకుని వినయంగా వంగడం మాత్రం కనిపించింది. అలా వంగారంటే అవతల అత్తగారే. అక్కడ నడిచిన సంభాషణ తరవాత అమ్మ నోట పదిసార్లు విన్నారు కాబట్టి, చూసినట్టే చెప్పొచ్చు.

"ఫోటో చాలా బాగుంది అల్లుడుగారూ. మా పిల్లలేరీ?"

"ఇక్కడే ఉన్నారండీ అత్తయ్యగారూ. తమ్ముడితో వచ్చారు."

అంటూ మాస్టారు తమ్ముడివైపు చూశారు. తమ్ముడు అప్పటికే అన్నయ్య వెనక వెతుకుతున్నాడు. ఇద్దరి మొహాల్లోనూ రంగు ఒకేసారి దిగిపోయింది.

"తమ్ముడితోనా? ఒకసారి పెద్దదానికివ్వండి, మాట్లాడతాను."

"ఇప్పుడే... ఇక్కడే ఒక షాపులోకి... బాగా రద్దీగా ఉందండీ ఇక్కడ."

కిటికీలోంచి చూస్తుంటే ఆయన ఖాళీ చెయ్యి గాల్లో ఒక పెద్ద గుండ్రం చుట్టింది. ఆ రద్దీ ఎంతో చూపించడానికి కాబోలు. సర్వేయరు అప్పుడే తన ఫోను తీసి, దానికేమైనా తెలుసేమోనన్నట్టు అందులోకి చూశాడు.

"కంగారుపడకండి నాయనా" అంది అమ్మ. "ఇద్దరూ వెనక్కి తిరగండి."

ఆ ఒక్కసారి ఎంత దూరమో, ఎన్ని మీటర్లో అడక్కుండా ఇద్దరూ తిరిగారు. అద్దం వెనక అక్కాచెల్లెళ్ళు కప్పులు పైకెత్తి పలకరించారు.

లోపలికి వచ్చిన మాస్టారు సహజంగా కోపంతోనే వచ్చారు. తప్పు తనదైనప్పుడు ఆయనకు కోపం ఇంకాస్త ఎక్కువ వస్తుంది.

"చెప్పకుండా ఇలా వచ్చి కూర్చుంటారా? మేమెంత కంగారుపడ్డామో తెలుసా?"

"తెలుసండీ, ఇక్కణ్ణించే చూశాం" అంది అక్క. "ముందు ఒక్కొక్కరే కంగారుపడ్డారు. తరవాత భుజాలమీద చేతులేసుకుని కంగారుపడ్డారు. ఎగిరి కూడా కంగారుపడ్డారు. కాలు నొప్పెట్టలేదు కదా?"

మాస్టారు కుర్చీ లాక్కుని కూర్చున్నారు. కాలు నొప్పెట్టిన మాట నిజమే. సర్వేయరు మాత్రం ఇంకా నిలబడే, ఏది ఏమైనా తను వచ్చిన దారే దగ్గరని తనలో తనే గొణిగాడు. చెల్లెలు అతని పెదాలు చూసి అర్థం చేసుకుని, ఆ కిటికీలోంచి కనిపించే సందు చూపించింది. అవతలి కొసన బొత్తాల షాపు కనబడుతోంది. కూర్చుని, కాఫీ తాగి మాట్లాడమంది.

ఫోనులో అమ్మ ఇంకా ఉంది. అక్క మాస్టారి చేతిలోంచి ఫోను తీసుకుంది. ఆయన వద్దనలేదు. తామిద్దరూ బాగానే ఉన్నామని, కాఫీ కూడా బాగుందని చెప్పింది. అమ్మ ఇంకేమీ అడగలేదు. మీరిద్దరూ అలా నవ్వుతుండగా చూసి ఎన్నాళ్ళయిందో, ఆ ఫోటో దాచుకుంటానంది. అల్లుళ్ళను కత్తిరించేసి దాచుకుంటానంది.

ఆ తరవాతి రోజుల్లో అక్కాచెల్లెళ్ళ ఫోన్లు ఇనప్పెట్టెలోంచి బయటికొచ్చాయి. అయినా వాటిని పెద్దగా వాడలేదు. అక్క చెల్లెలి కుడిపక్కన నడుస్తూ, ఇద్దరూ నచ్చిన సందులోకి తిరిగి, నచ్చినంతసేపు ఆగేవాళ్ళు. తోడల్లుళ్ళిద్దరూ ఫోన్లలో చూసుకుంటూ వెనక నడిచేవాళ్ళు. పెళ్ళాలు ఎటు తిరుగుతారో ఏ మ్యాపులోనూ ఉండదు కాబట్టి, తప్పనిసరిగా తలెత్తి చూస్తూ నడవాల్సి వచ్చేది. ఆ విధంగా వాళ్ళు కూడా ఆ ఊరు కాస్త చూశారు.

తిరిగి ఇంటికి చేరిన వారంలోనే, అక్క సెలవు పెట్టి చెల్లెల్ని చెవి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. చెవిలోపలి సన్నటి ఎముక బిగుసుకుపోయిందని, తల తిరగడానికీ అదే కారణం కావచ్చని, ఆపరేషన్ చేస్తే ఎడమచెవి చాలావరకు వస్తుందని చెప్పాడాయన. ఇన్నాళ్ళూ ఎందుకు ఊరుకున్నారమ్మా అని చివాట్లు కూడా పెట్టాడు. అవి మాత్రం చెల్లెలికి స్పష్టంగా వినపడ్డాయి. ఆ సాయంత్రం ఇంట్లో చెప్పేసింది.

మర్నాడు పొద్దున్నే సర్వేయరు ల్యాబుకు వచ్చాడు. రక్తమిచ్చేవాళ్ళు కూర్చునే కుర్చీలో కూర్చుని, చొక్కా చెయ్యి పైకి మడిచాడు. ఏ పరీక్ష అని అక్క అడిగితే, ఏదీ కాదని మళ్ళీ దించాడు.

"నా మాట వినదు అనుకున్నాను గానీ వదినగారూ, వినపడదు అనుకోలేదు" అన్నాడు, గోడమీద అంటించిన గుండె బొమ్మవైపు చూస్తూ.

ఇటువంటి సమయం కోసం అక్క దగ్గర ఎత్తిపొడుపులు ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. విమానంలోనే కొన్ని కొత్తవి కూడా తయారుచేసుకుంది. తీరా అతను అలా అనేసరికి వాటన్నిటినీ మింగేసింది. తను అనుకున్నదీ అదేగా. అతనికి ఒక గ్లాసు మంచినీళ్ళిచ్చి, ఆపరేషన్ రోజున సెలవు పెట్టమని, ముందు రోజు కూడా పెట్టమని మాత్రం చెప్పింది. అతను బుద్ధిగా తలూపాడు.

ఆపరేషన్ బాగానే జరిగింది. కట్టు విప్పిన రోజున అక్క, మాస్టారు, సర్వేయరు ముగ్గురూ మంచం చుట్టూ నిలబడ్డారు. చెల్లెలు ముందు ఫ్యాను వైపు చూసింది, తరవాత వరండాలో నర్సు చెప్పుల చప్పుడు వచ్చినవైపు చూసింది. సర్వేయరు ఆత్రం పట్టలేక, వినపడుతోందా అని ఆసుపత్రి మొత్తానికీ వినపడేట్టు అడిగాడు. చెల్లెలు చెవి మూసుకుంది.

"ఈయన ఎప్పుడూ ఇంత గట్టిగానే మాట్లాడతాడా అక్కా?" అంది.

ఆ మాట సర్వేయరుకు బాగా నాటుకున్నట్టుంది. ఆ తరవాత చాన్నాళ్ళపాటు ఆ ఇంట్లో అతను ఎంత నెమ్మదిగా మాట్లాడేవాడంటే, ఆదివారం భోజనాల దగ్గర అతను చెప్పేది కాదనాలన్నా, మాస్టారు ముందుకు వంగి, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, ఏంటీ ఏంటీ అని అడగాల్సి వచ్చేది.